ఫుల్ స్క్రీన్ కోటు

టేపమ్మ మామగారికి టేపంటే గిట్టదు. దర్జీ దుకాణంలో టేపు కనబడితే చాలు, పాలగిన్నెలో ఈగ కనబడ్డట్టు మొహం పెడతాడు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, "ఛాతీ నలభై, నడుం ముప్పై ఆరు, కుడి భుజం కాస్త దిగింది, సంచీ ఎడంచేతికి మార్చుకో" అనేస్తాడు. వచ్చినవాడు నోరెళ్లబెడతాడు. ముప్పై నాలుగేళ్లుగా ఇదే తంతు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారు అంటుంది. అద్దంలో చూసుకున్నప్పుడు ఆయన కూడా తనని అలాగే పిలుచుకుంటాడని కోడలికి గట్టి అనుమానం.

ఆ కోడలే టేపమ్మ. పేరు పెట్టింది మామగారే. నిద్ర లేచింది మొదలు మెళ్లో టేపు వేలాడేసుకుని తిరుగుతుందని వెటకారం. నిజానికి ఈ దుకాణం ఆయన కొడుక్కి రావలసింది. కొడుక్కి సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. మందుల షాపులో పనికి కుదిరాడు, అక్కడ కూడా ఇంజెక్షన్లున్న అర వైపు వెళ్లడట. అందుకని పెళ్లయిన ఏడాదే కోడలు దుకాణంలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. కూర్చుని ఎనిమిదేళ్లయింది. కాజాలు కుట్టింది, గుండీలు కుట్టింది, అంచులు మడిచింది, ఇస్త్రీ పెట్టెతో చెయ్యి కాల్చుకుంది. గుడ్డ మాత్రం ఒక్కసారి కూడా కొయ్యలేదు.

కత్తెర ఆయనది. కటింగ్ బల్ల ఆయనది. అడిగితే ఒకటే పాట. "ముందు కన్ను కుదరాలమ్మా."

"ఎప్పుడు కుదురుతుంది మామయ్యా?"

"కుదిరినప్పుడు నీకే తెలుస్తుంది."

ఎప్పుడో కుదిరిందని టేపమ్మకి తెలుసు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు పాత పేపర్లు పరిచి, వంటింటి కత్తెరతో కోట్లు కోసేది. పేపరు కోట్లన్నీ పరుపు కింద దాచేది. ఎన్ని దాచిందంటే, ఆ పరుపు మీద పడుకుంటే రాత్రంతా గరగరమంటుందని మొగుడు గోల. కొయ్యడమంటే ఆమెకి అంత పిచ్చి. దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలని అడిగితే, మూడు మీటర్ల మంచి గుడ్డ, ఓ గంటసేపు ఆ కత్తెర ఇప్పించమనేది.

ఇలా ఉండగా అత్తయ్య తమ్ముడు బస్సు డిపో మేనేజరుగా రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి బావగారైన మాస్టారే కోటు కుట్టిపెట్టాడు. బూడిద రంగు, రెండు గుండీలు. మాస్టారు తన జన్మలో అంత మనసుపెట్టి ఇంకేదీ కుట్టలేదు. సభ అయింది, చప్పట్లయ్యాయి, మర్నాడు వీళ్లింటికి భోజనానికొచ్చిన డిపో మేనేజరు చెయ్యి కడుక్కుంటూ ఊరుకోక ఓ మాట జారాడు.

"బావా, కోటు బానే ఉంది గానీ, కాస్త వదులేమో అనిపించింది."

అంతే. మాస్టారి ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

"వదులా? నా కోటా?"

"కాస్తే బావా. లోపల గాలాడింది."

"ఒరేయ్, సభ వీడియో తీయించావా లేదా?"

"తీయించా. డిస్కు వచ్చే ఆదివారానికి ఇస్తానన్నాడు."

"సరే. అందరం ఇక్కడే కూర్చుని చూద్దాం. అందులో నా కోటు వదులుగా కనబడిందనుకో, కత్తెర ఈ అమ్మాయి చేతిలో పెట్టేసి, దాని పీట మీద కూర్చుని కాజాలు కుట్టుకుంటా. నువ్వే సాక్షి," అన్నాడు భార్యతో.

"నాకు బాగానే వినబడింది," అంది అత్తయ్య, గిన్నెలు తీస్తూ.

ఆ వారమంతా టేపమ్మ, తప్పని తెలిసి కూడా, ఆ కోటు వదులుగా కనబడాలని కోరుకుంది. ఒకటి రెండుసార్లు పైకి కూడా అనేసుకుంది, పక్కన ఎవరూ లేనప్పుడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ హాల్లో చేరారు. మాస్టారు, అత్తయ్య, డిపో మేనేజరు, ఆయన భార్య పిన్నిగారు. టీవీ కొత్తది, వచ్చి పది రోజులైంది, సగం గోడ మింగేసింది. డిస్కు ప్లేయరు మాత్రం పాతదే, పెట్టిన డిస్కుని ఓ పట్టాన ఇవ్వదు. రిమోట్ల వ్యవహారం మొత్తం టేపమ్మదే. ఆ ఇంట్లో వైరున్న ప్రతిదీ ఆమె నెత్తినే పడుతుంది.

డిస్కు పెట్టగానే పూలగుత్తులు వచ్చాయి. వాటి మధ్య డిపో మేనేజరు హోదా, సభ తేదీ, చమ్కీ అక్షరాల్లో. బొమ్మ మాత్రం తెర నడుమే వచ్చింది. అటొకటి ఇటొకటి జానెడేసి నల్ల పట్టీలు మిగిలాయి.

"ఆ నల్లవేంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"తీసినాయన కెమెరా పాతది మామయ్యా. బొమ్మ అంతవరకే వస్తుంది."

"అంతవరకే అంటే? ఇంత పన్నా, ఇంత వెడల్పు కొనుక్కుని అటు జానెడు, ఇటు జానెడు వదిలేస్తామా?"

ఆయన బాధ ఆయనది. జేబుకి చాలని ముక్క మిగిలినా దాన్ని కాలరు లోపల ఎలా ఇరికించాలా అని రెండు రోజులు ఆలోచించే మనిషి. ఎదురుగా రెండు నల్ల పట్టీలు గాలికి పోతుంటే కుర్చీలో కుదురుగా ఎలా కూర్చుంటాడు? "దాన్ని అంచుదాకా లాగు," అన్నాడు.

"లాగడానికి అదేమన్నా గుడ్డా మామయ్యా?"

"ఎందుకు లాగకూడదు? మొన్న నువ్వే ఏవో నొక్కి అక్షరాలు పెద్దవి చేశావుగా. అలాగే దీన్నీ చెయ్యి."

టేపమ్మ ప్లేయరు రిమోటు తీసుకుని సెటప్‌లోకి వెళ్లింది. మొదట కనబడ్డది 'రిజల్యూషన్'. బొమ్మ సైజు దాంట్లోనే ఉంటుందేమోనని ఉన్నవాటిలో పెద్ద అంకె నొక్కింది. తెర ఠక్కున నల్లబడింది. మాట లేదు, పాట లేదు.

"పోయింది," అన్నాడు డిపో మేనేజరు. "కొత్త టీవీ పోయింది."

"పోలేదు బాబాయిగారూ, ఉండండి."

"నాకు తెలుసమ్మా. మా డిపోలో కంప్యూటరు కూడా సరిగ్గా ఇలాగే పోయింది."

అత్తయ్య టీవీ వెనక్కి వెళ్లి, పొగ వస్తోందేమోనని వాసన చూసింది. పావు నిమిషం తర్వాత ప్లేయరు తనంతట తనే దిగొచ్చి, ఆ అంకె ఈ టీవీకి పడదని చెప్పి, పాత బొమ్మే చూపించింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. టేపమ్మ ఆ జోలికి మళ్లీ పోకుండా కింద ఉన్న, బొమ్మ ఆకారం మార్చే 'టీవీ యాస్పెక్ట్' తెరిచింది. అందులో నాలుగు వరసలు. మూడోది 'పదహారు తొమ్మిది ఒరిజినల్', నాలుగోది 'పదహారు తొమ్మిది ఫుల్'. టిక్కు మూడోదాని మీద ఉంది. పైకి చదివింది.

"పదహారు కాలరు, తొమ్మిది కఫ్," అన్నాడు మాస్టారు సంతోషంగా. "మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఫుల్ నొక్కు."

నొక్కింది. పూలగుత్తులు ఈ గోడ నుంచి ఆ గోడకి విచ్చుకున్నాయి. నల్ల పట్టీలు మాయం. "ఇదీ పద్ధతి," అన్నాడు మాస్టారు, కాలు మీద కాలు వేసుకుని.

పూలు పోయి సభ వచ్చింది. వేదిక మీదికి డిపో మేనేజరు వచ్చాడు. వచ్చాడంటే, ముందు కోటు ఎడమ భుజం వచ్చింది, తర్వాత మధ్యలో గుండీలు వచ్చాయి, ఆ తర్వాత తీరిగ్గా కుడి భుజం వచ్చింది. కోటు నిండా మరో మనిషికి చోటున్నట్టుంది. దండ వెయ్యడానికొచ్చిన మెకానిక్కు ఆ వెడల్పు ముందు తడబడ్డాడు.

మొదట పిన్నిగారు కిసుక్కుమంది. తర్వాత డిపో మేనేజరు అందుకున్నాడు. "నే చెప్పలేదూ. చెప్పానా లేదా. గాలాడిందన్నానా లేదా." అత్తయ్య చేతిలో ఉన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో కెమెరా ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ల మీదికి తిరిగింది. పిన్నిగారికి తన మొహం కనబడింది. నవ్వు ఆగిపోయింది. ఆమె పక్కన అత్తయ్య కూడా కనబడింది, తువ్వాలు కిందికి దిగింది. ఆ తర్వాత హాల్లో ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు. ఎవరికి వాళ్లు మనసులో, నేనిలా ఎప్పుడయ్యానా అని లెక్కలు వేసుకున్నారు. తామొక్కళ్లే లావయ్యామనుకోవడంలో ఓ చిక్కుంది, ఎవరితోనూ చెప్పుకోరు.

"ఆపమ్మా," అన్నాడు మాస్టారు.

ఆపింది. ఆయన లేచి దుకాణంలోకి వెళ్లాడు. కత్తెర తెచ్చి కోడలి ఒళ్లో పెట్టాడు. బరువు చూసి టేపమ్మ రెండు చేతులా పట్టుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందే, లోపలెక్కడో, చిన్నపిల్లలా గెంతులెయ్యాలనిపించింది.

సోమవారం నుంచి కటింగ్ బల్ల ఆమెది. సోమవారం స్కూలు మాస్టారి ప్యాంటు కోసింది. మంగళవారం రెండు చొక్కాలు. బుధవారం ఓ లాయరుగారి నల్ల కోటు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర ఆనించి, ఊపిరి బిగబట్టి మొదటి కోత కోసింది. గుడ్డ సర్రున తెగింది. అంత ఆనందం తనకి పెళ్లినాడు కూడా కలగలేదని ఆమె ఆ సాయంత్రమే మొగుడితో చెప్పేసింది. అతను పెద్దగా నొచ్చుకోలేదు. పరుపు కింద పేపర్లు ఇక తీసెయ్యొచ్చా అని మాత్రం అడిగాడు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి అడక్కండి. అత్తయ్య టీలో చక్కెర మానేసి, అది తాగేటప్పుడల్లా ఎవరో తిట్టినట్టు మొహం పెట్టేది. పిన్నిగారు పొద్దున్నే ఐదింటికి వీధులన్నీ చుట్టబెట్టడం మొదలుపెట్టింది, రెండో రోజే కుక్క తరిమితే మూడో రోజు నుంచి ఇంకా వేగంగా చుట్టబెట్టింది. డిపో మేనేజరు బరువు చూసే మిషనెక్కాడు. అది పాత బరువే చూపించింది. మిషను పాడైందని అది పెట్టిన దుకాణంవాడితో గొడవపడి వచ్చాడు.

మాస్టారు మాత్రం దుకాణం వైపే రాలేదు. మంగళవారం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు అక్షరాలన్నీ చదివించి, ఈ వయసులో ఇంత మంచి చూపు తను చూడలేదన్నాడు. ఇంకెవరైనా అయితే స్వీటు తెచ్చేవాళ్లు. ఈయన కుంగిపోయాడు. కన్ను బాగానే ఉందంటే తప్పు తనదే అన్నమాట. బుధవారం టేపమ్మ వంటింటి వైపు వెళ్తుంటే ఓ దృశ్యం కంటబడింది. మామగారు తలుపు ముందు నిలబడి, "ముప్పై మూడు" అని గొణిగి, ఎక్కడ సంపాదించాడో ఓ టేపు తీసి కొలుచుకుంటున్నాడు. ముప్పై మూడే వచ్చింది. కిటికీ కొలిచాడు. అదీ సరిపోయింది. సరిపోయిన కొద్దీ ఆయన మొహం ఇంకా వాడిపోతోంది. టేపమ్మ చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగొచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే హాల్లో కూర్చుని మళ్లీ ఆ డిస్కు పెట్టింది. లాయరుగారి కోటులో అలాంటి పొరపాటు రాకూడదని, మామగారు ఎక్కడ తప్పారో పట్టుకుందామని. వేదిక మీద బాబాయిగారు నిటారుగా నిలబడ్డ చోట బొమ్మ ఆపి, మెళ్లో టేపు తీసి తెరకి ఆనించింది. భుజాలు కొలిచింది, నిలువు కొలిచింది. ఆ కొలతలు మనిషివి కావు. భుజాలు అంత వెడల్పుంటే మనిషి ఏడడుగులైనా ఉండాలి. ఇంకోసారి కొలిచింది. అంతే.

అప్పుడు బాబాయిగారి తల వెనక గోడగడియారం కనబడింది. అది కోడిగుడ్డులా అడ్డంగా పడుకుని ఉంది. గుండ్రటి గడియారమే, డిపోలో ఆమె కూడా చూసింది. టేపు పెట్టింది. అడ్డం ఎనిమిది, నిలువు ఆరు. మైకు ముందు బల్ల మీద పెట్టిన పళ్లెం, బాబాయిగారికిచ్చిన జ్ఞాపిక, మెకానిక్కు మొహం, అన్నీ అడ్డంగానే సాగాయి. మూడు రావలసిన చోట నాలుగు వచ్చాయి.

ఫుల్ నొక్కింది తనే. నొక్కమన్నది ఆయనే. రిమోటు తీసుకుని మూడో వరస నొక్కి చూసింది. నల్ల పట్టీలు వచ్చాయి, గడియారం గుండ్రంగా అయింది, బాబాయిగారి ఒంటి మీద కోటు అచ్చు పోసినట్టు కూర్చుంది. ఎక్కడా వంక లేదు. భుజం చూసి ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. అలాంటి భుజం కొయ్యాలంటే తనకి ఇంకా పదేళ్లు పడుతుంది.

ఆ తర్వాత ఆమె చేసింది మంచి పనేం కాదు. మళ్లీ నాలుగో వరస నొక్కేసి, టీవీ ఆపేసి, వెళ్లి లాయరుగారి కోటు చేతులు కోసింది.

శుక్రవారం కూడా చెప్పలేదు. చెప్పకపోతే కొంప మునిగేదేం లేదని సర్దిచెప్పుకుంది. పందెం వేసింది ఎవరు, తనా? పట్టీలు అక్కర్లేదని గోల పెట్టింది ఎవరు, తనా? ఎనిమిదేళ్లు పీట మీద కూర్చోబెట్టినప్పుడు ఎవరికైనా మనసొప్పకుండా పోయిందా? ఇలా రోజంతా తనలో తనే దెబ్బలాడుకుంది. ఎంత గెలిచినా సుఖంగా లేదు. కత్తెర చేతిలో ఉంటే చాలనుకున్న మనిషి, చేతిలో ఉన్నా ఏడుపు మొహంతో కోస్తోంది.

శనివారం పొద్దున మాస్టారు దుకాణంలోకి వచ్చాడు. ఆరు రోజుల తర్వాత. బల్ల వైపు చూడలేదు. ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఊరికే కూర్చోలేకపోతున్నానమ్మా. కాజాలేమన్నా ఉంటే ఇలా పడెయ్."

ఆమె ఓ చొక్కా ఇచ్చింది. గంటసేపు పీట మీంచి లేవకుండా కుట్టాడు. కుట్టి లేచి, చొక్కా ఆమె ముందు పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"చూడు. సరిగ్గా వచ్చాయో లేదో నాకు తెలీడం లేదు."

వెటకారం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. టేపమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది. "రండి మామయ్యా," అని ఆయన్ని హాల్లోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, డిస్కు పెట్టి, సెటప్ తెరిచి, టిక్కుని నాలుగో వరస నుంచి మూడో వరసకి జరిపింది.

మాస్టారు చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి దగ్గరికెళ్లి, తెర మీద కోటు భుజాన్ని వేలితో తాకాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం తెలిసి శనివారం చెబుతున్నావు. నన్ను కాజాలు కుట్టనిచ్చావు."

"ఒక్క చొక్కాకేగా మామయ్యా. నేను ఎన్నిటికి కుట్టానో లెక్కుందా?"

ఆయన సరాసరి ఫోను దగ్గరికెళ్లి బావమరిదికి కొట్టాడు. "ఒరేయ్, ఉన్నపళంగా బయల్దేరు. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా. లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యేది నీకే."

సాయంత్రం నాలుగింటికల్లా అందరూ మళ్లీ అవే కుర్చీల్లో ఉన్నారు. ఈసారి మాస్టారు కూర్చోలేదు. టీవీ పక్కన నిలబడి, చేత్తో చూపిస్తూ, కోడలి చేత ఫుల్ నొక్కించి, ఒరిజినల్ నొక్కించి, మళ్లీ ఫుల్ నొక్కించి, పాఠం చెప్పాడు. గడియారం గుండ్రం, గడియారం గుడ్డు. గుండ్రం, గుడ్డు. పట్టీలు తీయించింది తనేనన్న సంగతి మాత్రం ఎక్కడా దొర్లకుండా జాగ్రత్తపడ్డాడు.

"అయితే నేను లావవలేదా?" అంది పిన్నిగారు.

"లేదు పిన్నిగారూ."

"కుక్క నన్ను వారం రోజులు తరిమింది," అంది పిన్నిగారు, ఎవరి మీద పడాలో తెలీక అందరి వైపూ చూస్తూ.

డిపో మేనేజరు తెర మీద తనని తాను తేరిపార చూసుకున్నాడు. "బావుంది బావా. ఒప్పుకుంటున్నా. కానీ ఆ రోజు వదులనిపించిన మాట నిజం. ముప్పై ఏళ్లు డిపోవాళ్లిచ్చిన బిగుతు చొక్కాల్లో కుక్కుకున్నానా, ఒంటికి సరిపోయిన బట్ట ఎలా ఉంటుందో తెలీలేదు."

మాస్టారు మొహం వెలిగిపోయింది. వారం తర్వాత మొదటిసారి మీసం సవరించుకున్నాడు.

"మరి పందెం నువ్వే గెలిచావు," అన్నాడు డిపో మేనేజరు. "నీ కత్తెర నువ్వు తీసుకో. అమ్మాయ్, తెచ్చివ్వమ్మా."

అందరూ టేపమ్మ వైపు తిరిగారు. ఆమె కదల్లేదు.

"ఇవ్వను," అంది.

ఆ ఇంట్లో మాస్టారికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆమెకే తన గొంతు కొత్తగా వినబడింది.

"బొమ్మ తప్పని నేనే చెప్పాను. నోరు మూసుకుంటే ఈ జన్మలో మీకెవరికీ తెలిసేది కాదు. రెండు రోజులు మూసుకున్నాను కూడా, అది నా తప్పే. మామయ్య కోటు బంగారంలా ఉంది. అలాంటిది నేను ఇప్పుడప్పుడే కొయ్యలేను. కానీ మామయ్య కోటు బాగుంటే నాకొచ్చిన కోత రాకుండా పోతుందా? ఈ వారం నాలుగు కోశాను. వచ్చి చూడండి. బాగాలేకపోతే అప్పుడు లాక్కోండి."

డిపో మేనేజరు ఏదో అనబోయాడు.

"నువ్వు కూర్చోరా," అన్నాడు మాస్టారు. "చూశాను. పొద్దున ఆ పీట మీద కూర్చున్నప్పుడే చూశాను. లాయరు కోటు బాగానే కోసింది. కత్తెర దానిదే." అని కుర్చీలో కూర్చున్నాడు. "ఇంతకాలం ఎందుకివ్వలేదంటే, కన్ను కుదరకా కాదు, కాకరకాయా కాదు. అది ఇచ్చేస్తే నేనేం చెయ్యాలి?"

నవ్వులాటకి అన్నాడేమోనని డిపో మేనేజరు చూశాడు. కాదు. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న టేపమ్మకి తట్టనేలేదు.

"నాకో కోటు కుట్టండి," అంది అత్తయ్య.

అందరూ అటు తిరిగారు. ఆమె వంటింటి గుమ్మంలో చక్కెర డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ముప్పై నాలుగేళ్లుగా ఊరందరికీ కుట్టారు. నా ఒంటి మీద మీ చేతి కుట్టు ఒక్కటి లేదు. అడిగినప్పుడల్లా ఈ నెల ఆర్డర్లున్నాయన్నారు. నా బట్టలన్నీ వెనక వీధి ఆవిడ కుడుతుంది. ఆవిడ జాకెట్టు చేతులు ఎప్పుడూ పొట్టిగానే కోస్తుంది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు మాస్టారు.

"మీరు చూస్తారనుకున్నా."

మాస్టారు ఆమెని చూశాడు. పైనుంచి కిందికి, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ చూసినట్టే చూశాడు. కొలతలు చెబుతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన నోట అంకె రాలేదు. కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్లి, భుజం పక్కన, వదులుగా వేలాడుతున్న గుడ్డని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"ఎప్పుడింత చిక్కిపోయావే?" అన్నాడు.

"నాలుగేళ్లయింది," అంది అత్తయ్య.